అరచేతిలో పట్టే చేపపిల్ల మూడడుగులు అయ్యాక ఎక్కడికి పోవాలి?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను తెనాలి వాసిని. జూనియర్ కళాశాలలో జంతుశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా పెరట్లో 14 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతున్న ఒక సిమెంటు తొట్టి ఉంది. అందులో ఉన్నది ఒకే ఒక్క చేప. దాని పొడవు మూడడుగుల పైమాటే. ఆ చేప మా ఇంటికి ఎలా వచ్చిందో, ఆ తొట్టిలో చేరడానికి ముందు ఎక్కడికి పోబోయిందో చెప్పి, అలంకార చేపల దుకాణాల్లో ఏళ్ల తరబడి సాగుతున్న ఒక అమ్మకం గురించి మీ పాఠకులకూ, మత్స్యశాఖ వారికీ విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

2019 వేసవి సెలవుల్లో మా మనవడిని వెంటబెట్టుకుని ఒక అక్వేరియం దుకాణానికి వెళ్లాను. మేము వెళ్లింది రెండు గోల్డ్ ఫిష్‌ల కోసం. అయితే వాడి చూపు ఒక మూలనున్న చిన్న గాజు తొట్టి మీద పడింది. అందులో మూడంగుళాల పిల్ల ఒకటి అడుగున కదలకుండా కూర్చుని ఉంది. వీపు బొగ్గు నలుపు, మూతి దగ్గర మొదలై తోక మొదలు దాకా పక్కల వెంట తెల్లని పట్టీ, తోక పండిన దొండపండు రంగు, మూతి కింద మూడు జతల మీసాలు. "తాతయ్యా, దీనికి మీసాలున్నాయి చూడు" అని వాడు గాజుకు ముక్కు ఆనించి నిలబడిపోయాడు. దుకాణదారు దాన్ని రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ అన్నాడు. ధర 350 రూపాయలు. ఎంత పెరుగుతుందని అడిగితే, "తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుంది సార్, మీకేం భయం లేదు" అన్నాడు. ఆ మాట తప్పని నాకు తెలియాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు ఈ శాస్త్రమే చెప్పినవాడిని. మనవడి ముఖం చూసి, డబ్బిచ్చి, సంచి పట్టుకుని ఇంటికి వచ్చాను. అందులో దుకాణదారు తప్పు ఎంత ఉందో నా తప్పు అంతకు తక్కువ లేదు.

ఈ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు. అక్కడివారు దీన్ని పిరారారా అంటారు. పిరా అంటే చేప, అరారా అంటే పంచవన్నెల చిలుక. ఆ ఎర్ర తోకను చూసి పెట్టిన పేరు అది. ఆ మహానదుల్లో ఇది నాలుగడుగులకు మించి పెరుగుతుంది; 50 కిలోలు దాటిన చేపలు గాలానికి పడిన నమోదులు ఉన్నాయి. అక్కడ చేపలను, పీతలను తింటుంది, వరద కాలంలో అడవిలోకి పోయి నీట రాలిన పండ్లను కూడా తింటుంది. మన దుకాణాలకు వచ్చే పిల్లలు మాత్రం అమెజాన్ నీటిని ఎరగవు. ఆగ్నేయాసియా దేశాల్లో హార్మోను సూదులతో గుడ్లు పెట్టించి వేలకొద్దీ పిల్లలను తీయడం తెలిసిన దగ్గరి నుంచి దీని ధర పడిపోయింది, ఒకప్పుడు జంతు ప్రదర్శనశాలల్లో చూడవలసిన చేప ఇప్పుడు మూడు నాలుగు వందలకు చిన్నపిల్లల చేతికి వస్తోంది.

మొదటి నెలల్లో దాని పెరుగుదల చూసి మేము సంతోషించామని దాచకుండా చెబుతున్నాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అది తొట్టి ముందువైపుకు వచ్చి, వేలు నీటి మీద పెడితే మీసాలతో తడిమి చూసేది. మీసాల కొసలకే కాదు, ఈ జాతి చేపల ఒంటినిండా రుచి తెలిపే కణాలు ఉంటాయి. పొలుసులు లేని ఆ చర్మంతో అది నీటిని రుచి చూస్తూనే తిరుగుతుంది. ఆరు నెలలకు అడుగు పొడవైంది. దానితోపాటు తెచ్చిన రెండు గోల్డ్ ఫిష్‌లు ఒక తెల్లవారుజామున కనిపించలేదు. చనిపోయి తేలాయేమోనని తొట్టి వెనకంతా వెతికాము. దాని పొట్ట చూసిన తర్వాతే సంగతి అర్థమైంది. ఈ చేప కొరకదు, నమలదు. నోరు తెరిచిన క్షణంలో నీళ్లతోపాటు ఎదుట ఉన్నది లోపలికి పోతుంది. తన పొడవులో సగం ఉన్న చేపను కూడా మింగబోతుంది. ఒకసారి గులకరాయి మింగి మర్నాడు కక్కింది. మరోసారి ఫిల్టర్ గొట్టాన్ని తోకతో కొట్టి విరగ్గొట్టింది. ఏడాది తిరిగేసరికి దాని పొడవు 20 అంగుళాలు. మా గాజు తొట్టి పొడవు 3 అడుగులు, వెడల్పు 18 అంగుళాలు. అంటే అది నిటారుగా ఉండి వెనక్కి తిరగలేదు, ఒళ్లు విల్లులా వంచుకుని తిరగాలి. రాత్రిపూట ఆ తోక గాజుకు తగిలే చప్పుడు పక్క గదిలో పడుకున్న మాకు వినిపించేది. నేను నిద్ర లేచి వెళ్లి చూస్తే మూతి మీది చర్మం గాజుకు రాసుకుని రాసుకుని తెల్లగా చెక్కుకుపోయి ఉండేది.

తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందన్న మాట గురించి ఇక్కడ కాస్త విడమరచి చెప్పాలి. ఈ ఒక్క అబద్ధం మీదే ఆ వ్యాపారం నిలిచి ఉంది. చిన్న తొట్టిలో చేప పెరుగుదల మందగించడం నిజమే. కాని అది తొట్టిని కొలుచుకుని బుద్ధిగా ఆగిపోవడం కాదు. చేప విసర్జించే అమ్మోనియాను నీటిలోని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. తొట్టి ఇరుకైనకొద్దీ, మాంసం తినే చేప పెద్దదైనకొద్దీ ఆ పని ఆ జీవుల శక్తికి మించిపోతుంది. ఆ నీటిలోనే ఊపిరి పీల్చుకునే చేపకు మొప్పలు కమిలిపోతాయి, ఆకలి చెడుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. పైకి చిన్నగా కనబడే ఆ చేప నిజానికి రోగిష్టి చేప. పదిహేనేళ్లకు పైగా బతకగల ప్రాణి రెండు మూడేళ్లకే పోతే, ఆయుష్షు తీరిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. దుకాణదారు మరో పిల్లను అమ్ముతాడు.

మా చేప ఆ దారిన పోలేదు. తగ్గకుండా పెరిగింది. దాన్ని తిరిగి తీసుకోమని కొన్న దుకాణానికి వెళ్లి అడిగితే, అంత పెద్దదాన్ని ఎవరు కొంటారని తల అడ్డంగా ఊపారు. తెలిసినవాళ్లను అడిగాను. పెద్ద చేపల తొట్లున్న ఒక చోటికి ఫోను చేస్తే, ఇలాంటివి ఇస్తామని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారనీ, తమ దగ్గర ఇక చోటు లేదనీ మర్యాదగానే చెప్పారు. పెద్ద తొట్టి కొందామంటే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న తొట్టిలో 3,600 లీటర్ల నీరు పడుతుంది. నీటి బరువే మూడున్నర టన్నులు దాటుతుంది. మాది నేల మీది ఇల్లు. విజయవాడలోనో హైదరాబాదులోనో అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉన్నవారు ఈ బరువును ఏ శ్లాబు మీద పెట్టగలరు?

అప్పుడు మా అబ్బాయి అన్నాడు: "నాన్నా, కాలువకు నీళ్లు వదిలారు కదా. రాత్రిపూట వదిలేద్దాం. దాని బతుకు అది బతుకుతుంది." ఆ మాట చెడ్డ మనసుతో అన్నది కాదు. దాని అవస్థ చూడలేక అన్నదే. మా ఊరు కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉంది. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే నీరు ఊరి మధ్యగా కాలువల్లో పారుతుంది. నీళ్ల డ్రమ్ములో చేపను పెట్టి ఆటోలో ఎక్కించుకుని కాలువ గట్టుకు వెళ్లాము. అక్కడ ఒక పెద్దాయన విసురు వల లాగి, దొరికినవాటిని గోనె మీద పరిచి ఏరుకుంటున్నాడు. లాంతరు వెలుతురులో చూశాను. గుప్పెడు పరిగెలు, నాలుగు జెల్లలు, రెండు బొమ్మిడాయిలు, వేలెడంత కొర్రమీను పిల్ల ఒకటి. ఆ రాత్రి ఆయన ఇంటికి వెళ్లే కూర అదంతా. మా డ్రమ్ములోని చేపకు అది ఒక పూట తిండికి సరిపోతుంది. డ్రమ్ము దించకుండానే వెనక్కి తిరిగాము.

ఒక్క చేప వల్ల కాలువకు ఏమవుతుందని అడగవచ్చు. ఒక్క చేప పిల్లలను పెట్టలేదు, నిజమే. కాని అదే దుకాణంలో, అదే వేసవిలో అదే పిల్లను కొన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లన్నిటికీ దాదాపు ఒకే సమయంలో అదే సమస్య వస్తుంది, అందరికీ దగ్గరలో ఉన్నది అదే కాలువ. చలిదేశాల్లో వదిలేసిన ఉష్ణమండలపు చేపను శీతాకాలమే చంపుతుంది. మనకు ఆ రక్షణ లేదు. మన నీటి వెచ్చదనం ఏడాది పొడవునా దానికి హాయిగానే ఉంటుంది.

అక్వేరియం నుంచి నదిలోకి చేరడం ఎంత సులభమో మనకు ఇప్పటికే ఒక చేప చూపించింది. తొట్టి గాజు మీద పాచి తింటుందని ట్యాంక్ క్లీనర్ పేరుతో అమ్మే ముళ్ల కవచం చేపను చూడండి. పత్రికలు దాన్నే డెవిల్ ఫిష్ అని రాస్తున్నాయి. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన క్యాట్‌ఫిష్ జాతే. వేటాడే చేప కాదు, పాచి తినేదే, అయినా జాలరుల వలలను చింపి నాశనం చేస్తోంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లను పట్టి చూసి, తూర్పు కనుమల ప్రాంతపు జలవనరుల్లో సుమారు 60 శాతం దాకా అది పాకిందని చెప్పారు. పాచి తినే చేప తెచ్చిన కష్టమే ఇంత. 2018 ఆగస్టు వరదల తర్వాత కేరళలోని చాలకుడి నదిలో అమెజాన్ చేప అరపైమా వలకు పడింది. దాన్ని ఎవరూ ఉద్దేశపూర్వకంగా వదిలి ఉండరు. ఎవరి చెరువు గట్టో తెగి ఉంటుంది, అంతే. పెరటి చెరువుల్లో, తోటల్లోని తామర కొలనుల్లో పెద్ద చేపలను పెంచుతున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన రోజుల్లో విజయవాడ కాలనీల్లో నీరు ఎంత ఎత్తున నిలిచిందో మన కళ్లతో చూశాము. ఆ నీటికి ఏ గట్టు అడ్డం?

వేటాడే క్యాట్‌ఫిష్‌లు కొత్త నీటిలో ఏం చేయగలవో యూరప్‌వాళ్లు చూశారు. తూర్పు యూరప్ నదుల్లోని వెల్స్ క్యాట్‌ఫిష్‌ను 1974 ప్రాంతంలో గాలం వేటగాళ్లు స్పెయిన్‌లోని ఎబ్రో నదిలో వదిలారు. అక్కడది మనిషి ఎత్తును మించి పెరిగింది. ఫ్రాన్స్‌లో ఆల్బి పట్టణం దగ్గర టార్న్ నదిలో ఆ చేపలే గులకరాళ్ల తిన్నె మీదికి ఒళ్లు విసిరి, స్నానానికి దిగిన పావురాలను పట్టుకుని నీటిలోకి లాక్కుపోవడం పరిశోధకులు చిత్రీకరించి 2012లో ప్రకటించారు. పుట్టిన నదుల్లో ఎవరూ చూడని వేటను కొత్త నదిలో నేర్చుకున్న చేప అది. మన కాలువలోకి వచ్చిన కొత్త చేప ఏం నేర్చుకుంటుందో ముందుగా చెప్పగలవారెవరు?

మనకు ఇంటి పక్కనే ఉన్న పాఠం ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. అది అలంకారానికి వచ్చినది కాదు, తిండి కోసం దొంగదారిన వచ్చినది. దాని పెంపకాన్ని దేశంలో నిషేధించి ఇరవై ఏళ్లు దాటింది. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతున్న చెరువులను అధికారులు ధ్వంసం చేశారన్న వార్త మీ పత్రికలోనే ఎన్నిసార్లు చదివానో. గాలి పీల్చగల ఆ చేప వానల్లో చెమ్మ నేల మీద పాక్కుంటూ పక్క చెరువుకు పోతుంది. దానికి దగ్గరి బంధువైన మన నాటు చేప 'మార్పు' నేడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు ఎక్కింది. చిన్ననాడు వానాకాలం వరిచేల బోదెల్లో చేతితో పట్టుకున్న చేప అది. మన నదుల్లోని వాలుగ కూడా వేటాడే పెద్ద క్యాట్‌ఫిషే. దాని పరిస్థితి సైతం ప్రమాదం అంచునే ఉంది. ఆ వాలుగ పిల్లలను పట్టి గాజు తొట్టిలో పెట్టేవాళ్లను చూసినప్పుడు నాకు మరింత బాధ కలుగుతుంది.

ఇప్పటికే ఇళ్లలో ఇలాంటి చేపలున్నవారికి రెండు మాటలు చెప్పాలి. కాలువ గట్టు నుంచి తిరిగి వచ్చిన మర్నాడే నేను తాపీమేస్త్రీని పిలిపించాను. కొత్త సిమెంటులోని సున్నపు క్షారం పోవడానికి అరటి దూట ముక్కలు వేసి, నీళ్లు నింపి, పారబోసి, మళ్లీ నింపి మూడు వారాలు ఆగాను. తొట్టిలో పన్నెండు వేల లీటర్లకు పైగా నీరు ఉంటుంది, చేప ఎగిరి పడకుండా పైన ఇనుప జల్లెడ ఉంది, కరెంటు పోతే గాలి పంపు ఆగకుండా ఇన్వర్టర్ ఉంది. నాకు లక్షకు పైగా ఖర్చయింది. 350 రూపాయల చేపకు. వారానికి రెండుసార్లు చేప ముక్కలు, రొయ్యలు పెడతాను. కోడి వ్యర్థాలు పెట్టకండి, ఆ కొవ్వు వాటి కాలేయాన్ని పాడుచేస్తుంది. బతికున్న గోల్డ్ ఫిష్‌లను మేతగా వేసేవారు చాలామంది ఉన్నారు. వాటి ఒంట్లో ఉండే ఒక ఎంజైము బి1 విటమినును విరగ్గొడుతుంది, అదే తిండిగా తిన్న చేప క్రమంగా జబ్బు పడుతుంది. పెంచలేని స్థితి వస్తే మరొకరికి ఇవ్వండి. అదీ కుదరకపోతే పశువైద్యుడిని అడిగి లవంగ నూనెతో మత్తు ఇచ్చి బాధ లేకుండా ప్రాణం తీయించడం కూడా నీటిలో వదలడం కన్నా మేలు. ఇది చెప్పడానికి చేయి వణుకుతోంది, కాని ఇదే నిజం.

ప్రభుత్వాన్ని అడిగేది పెద్దదేమీ కాదు. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి తెచ్చిన సవరణ, బయటి నుంచి వచ్చి పాకిపోయే జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని, వ్యాప్తిని నియంత్రించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఎదిగితే రెండడుగులు మించే వేటాడే చేపలను ఆ పరిధిలోకి తేవాలని రాష్ట్రాలు అడగాలి. అది జరిగేలోగా జిల్లా మత్స్యశాఖ తన చేప విత్తన కేంద్రాల్లో ఒక తొట్టిని కేటాయించి, ప్రజలు పెంచలేని చేపలను ప్రశ్నలు వేయకుండా, జరిమానా లేకుండా తీసుకోవాలి. జరిమానా భయం ఉంటే జనం రాత్రిపూట కాలువకే పోతారు. నేనూ పోయినవాడినే. అమ్మిన దుకాణం అమ్మిన చేపను తిరిగి తీసుకునే పూచీ కూడా ఉండాలి. ఆ పూచీ పడితే ఎంతమంది ఆ పిల్లలను తెప్పించుకుంటారో అప్పుడు చూద్దాం.

దుకాణాలకు మరొక చిన్న విన్నపం. మూడంగుళాల పిల్ల ఉన్న తొట్టి పక్కన గోడ మీద, అది ఎదిగాక ఎంత ఉంటుందో అంత పొడవున దాని బొమ్మను గీయించండి. రంగు డబ్బా ఖర్చు తప్ప మరేమీ కాదు. నిరుడు మా వీధి పిల్లవాడొకడు షార్క్ అని చెప్పి అమ్మిన రెండంగుళాల పిల్లను సంచిలో పట్టుకుని నాకు చూపించడానికి వచ్చాడు. అది మన చేపల చెరువుల్లో రైతులు ఫంగస్ అని పిలుచుకునే పంగాసియస్సే, మూడడుగులకు పైగా పెరుగుతుంది. నేనేమీ చెప్పలేదు, పెరట్లోకి తీసుకెళ్లి జల్లెడ ఎత్తి మా చేపను చూపించాను. వాడు తన సంచిలోకి ఒకసారి, తొట్టిలోకి ఒకసారి చూశాడు. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి తిరిగి ఇచ్చి, గప్పీలు తెచ్చుకున్నాడు. గోడ మీద బొమ్మ గీయడానికి కొలత కావాలనుకునే దుకాణదారులు ఎవరైనా సరే మా ఇంటికి రావచ్చు. టేపు పట్టుకుని కొలిచి చూపిస్తాను.

ఈ లేఖను ప్రచురించవలసిందిగా కోరుతూ,

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి.